క్యాడ్ ఫైల్ రెండరింగ్‌లోకి సరిగ్గా రావట్లేదా? తప్పు ఎక్కడుందో పట్టుకుని సరిచేసే పద్ధతి

ప్లాన్ ఫైల్ వచ్చింది. రేపటికల్లా త్రీడీ వ్యూలు కావాలన్నారు. ఇంపోర్ట్ నొక్కితే స్క్రీన్ ఖాళీ. లేదంటే ఇల్లంతా అగ్గిపెట్టెంత వచ్చింది, గోడలు వంకరగా వచ్చాయి, సగం కిటికీలు మాయమయ్యాయి. ఆ టెన్షన్‌లో చాలామంది రెండరింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే కూర్చుని ఒక్కో గోడా సరిచేసుకుంటూ పోతారు. ఆ పూటకు అదే దగ్గరి దారిలా అనిపిస్తుంది.

అలా చేయొద్దని గట్టిగా చెబుతాను. తప్పు ఏ ఫైల్లో పుట్టిందో ఆ ఫైల్లోనే సరిచేయాలి. ఎందుకంటే ప్లాన్ మారుతుంది. వాస్తు కోసం వంటగది జరుగుతుంది, మెట్లు అటు తిరుగుతాయి, సిటౌట్ రెండడుగులు పెరుగుతుంది. కొత్త ఫైల్ ఇంపోర్ట్ చేయగానే మీరు అవతల చేసిన రిపేరంతా పోతుంది. క్యాడ్ వైపు చేసే శుభ్రం అలా కాదు. ప్రతిసారీ అవే కమాండ్లు, అదే వరుస, కాసేపట్లో అయిపోతుంది. పైగా డ్రాఫ్ట్స్‌మన్‌కు ఒకసారి చెబితే తర్వాతి ఫైల్ శుభ్రంగానే వస్తుంది.

ఈ గైడ్‌లో ఎక్కువ భాగం ఆటోక్యాడ్‌లో గీసిన ఇంటి ప్లాన్‌ను బ్లెండర్, స్కెచప్, త్రీడీఎస్ మ్యాక్స్‌లోకి తెచ్చేవాళ్ల కోసం. మెషిన్ పార్టుల స్టెప్ ఫైళ్లతో పనిచేసేవాళ్లకు మధ్యలో వేరే భాగం ఉంది.

ఇంపోర్ట్ నొక్కేముందు ఫైల్‌ని చూడండి

మొదట ఒరిజినల్ ఫైల్‌ని కాపీ చేసి పక్కన పెట్టండి. పనంతా కాపీ మీదే.

"ఫైల్ ఓపెన్ అవ్వట్లేదు", "వెర్షన్ సపోర్ట్ చేయట్లేదు" అని వస్తే ఊహించక్కర్లేదు, ఫైలే చెబుతుంది. డీడబ్ల్యూజీ ఫైల్‌ని (ఆటోక్యాడ్ సొంత ఫైల్ రకం) నోట్‌ప్యాడ్‌లో ఓపెన్ చేయండి. తెరంతా అర్థంకాని గుర్తులే ఉంటాయి గానీ మొట్టమొదటి ఆరు అక్షరాలు మాత్రం చదవగలిగేలా ఉంటాయి. ఏసీ1015 అని ఉంటే అది 2000 ఫార్మాట్. ఏసీ1018 అంటే 2004, ఏసీ1021 అంటే 2007, ఏసీ1024 అంటే 2010, ఏసీ1027 అంటే 2013, ఏసీ1032 అంటే 2018. ఆటోక్యాడ్ 2018 తర్వాత వచ్చిన వెర్షన్లు కూడా ఏసీ1032నే వాడుతున్నాయి. కాబట్టి "మాది లేటెస్ట్ ఆటోక్యాడ్, అందుకే ఓపెన్ అవ్వట్లేదు" అనే మాట ప్రతిసారీ నిజం కాదు. చూసి తేల్చుకోండి. సేవ్ చేయకుండా నోట్‌ప్యాడ్ మూసేయడం మాత్రం మర్చిపోవద్దు.

వెర్షన్ తగ్గించాలంటే మీ దగ్గర ఆటోక్యాడ్ ఉండాల్సిన పని లేదు. ఆటోడెస్క్ వాళ్ల డీడబ్ల్యూజీ ట్రూవ్యూ ఉచితం, అందులో కన్వర్ట్ సదుపాయం ఉంది. ఓడీఏ ఫైల్ కన్వర్టర్ కూడా ఉచితమే, ఫోల్డర్ మొత్తాన్ని ఒకేసారి డీఎక్స్‌ఎఫ్‌లోకి, అంటే వేరే సాఫ్ట్‌వేర్లూ చదవగలిగే ఫార్మాట్‌లోకి, మార్చేస్తుంది. బ్లెండర్ వాడేవాళ్లకు ఇది తప్పనిసరి, ఎందుకంటే బ్లెండర్ తనంతట తాను డీడబ్ల్యూజీ చదవలేదు. డీఎక్స్‌ఎఫ్ ఇంపోర్టర్ యాడాన్ కూడా 4.2 వెర్షన్ నుంచి బ్లెండర్‌తో పాటు రావట్లేదు, ఎక్స్‌టెన్షన్స్ నుంచి విడిగా వేసుకోవాలి. మెనూలో డీఎక్స్‌ఎఫ్ కనిపించక తికమకపడేవాళ్ల సమస్య సాధారణంగా ఇదే.

రెండోది ఎక్స్‌రెఫ్‌లు, అంటే డ్రాయింగ్‌లోకి బయటి నుంచి లింక్ చేసిన వేరే ఫైళ్లు. డ్రాఫ్టింగ్ ఆఫీసులో స్తంభాల గ్రిడ్ ఒక ఫైల్లో, గోడలు ఇంకో ఫైల్లో పెట్టి కలిపి చూస్తుంటారు. మీకు ఒక్క ఫైలే పంపితే మిగతావి రావు. ఆటోక్యాడ్‌లో ఎక్స్‌రెఫ్ ప్యానెల్ తెరిచి, ఏదైనా "నాట్ ఫౌండ్" అని ఉంటే వెంటనే ఫోన్ చేసి అడగండి. అన్నీ ఉంటే బైండ్ చేసి ఒకే ఫైల్‌గా మార్చండి.

మూడోది ప్రాక్సీ ఆబ్జెక్టులు. ఆటోక్యాడ్ ఆర్కిటెక్చర్‌లోగానీ సివిల్ త్రీడీలోగానీ గీసిన గోడలు, తలుపులు మామూలు గీతలు కావు, ఆ సాఫ్ట్‌వేర్‌కు మాత్రమే తెలిసిన ప్రత్యేక వస్తువులు. తెర మీద బాగానే కనిపించినా ఇంపోర్ట్‌లో మాయమైపోతాయి. "గోడలు తప్ప అన్నీ వచ్చాయి" అంటే ముందు దీన్నే అనుమానించండి. గీసినవాళ్ల దగ్గరే ఎక్స్‌పోర్ట్‌టుఆటోక్యాడ్ కమాండ్ వేయించి కొత్త ఫైల్ తెప్పించుకుంటే అవి మామూలు గీతలుగా మారి వస్తాయి.

స్కేల్: ఒక్క గుమ్మం కొలిస్తే తెలిసిపోతుంది

యూనిట్ల గొడవ ఎక్కువగా ఎక్కడ పుడుతుందంటే, మన దగ్గర ఇళ్ల ప్లాన్లు అడుగులు-అంగుళాల్లో గీస్తారు, రెండరింగ్ సాఫ్ట్‌వేర్లేమో మీటర్లలోనో సెంటీమీటర్లలోనో ఆలోచిస్తాయి. దానికితోడు అడుగుల్లో గీసేవాళ్లలోనూ రెండు రకాలున్నారు. ఆటోక్యాడ్‌లో ఆర్కిటెక్చరల్ యూనిట్లు పెట్టుకుంటే ఒక యూనిట్ అంటే ఒక అంగుళం. డెసిమల్ పెట్టుకుని ఒక యూనిట్‌నే ఒక అడుగుగా అనుకుని గీసేవాళ్లూ ఉన్నారు. కాగితం మీద ప్రింట్ తీస్తే రెండూ ఒకేలా ఉంటాయి. ఫైల్లో మాత్రం పన్నెండు రెట్ల తేడా.

అందుకే డైమెన్షన్ మీద రాసిన అంకెను నమ్మవద్దు, దాన్ని చేత్తో మార్చి ఉండొచ్చు. డిస్ట్ కమాండ్‌తో సింహద్వారం వెడల్పు కొలవండి. మూడున్నర అడుగుల ద్వారమే ఉదాహరణగా తీసుకుందాం. నిజానికి అది 1.0668 మీటర్లు. క్యాడ్‌లో కొలిస్తే 42 వస్తే ఫైల్ అంగుళాల్లో ఉంది. 3.5 వస్తే అడుగుల్లో ఉంది. 1067కి దగ్గరగా వస్తే మిల్లీమీటర్లు.

ఇప్పుడు రెండరింగ్ వైపు అదే ద్వారాన్ని కొలవండి. బ్లెండర్‌లో అయితే ఎన్ నొక్కితే పక్కన డైమెన్షన్స్ కనిపిస్తాయి, లేదా మెజర్ టూల్ వాడొచ్చు. అక్కడ 42 మీటర్లు చూపిస్తే అంగుళాలను మీటర్లుగా చదివిందన్నమాట, 0.0254తో గుణించాలి. 3.5 మీటర్లు చూపిస్తే అడుగులను మీటర్లుగా చదివింది, 0.3048తో గుణించాలి. 1067 మీటర్లంటే మిల్లీమీటర్ల ఫైల్, 0.001. ద్వారం 42 మిల్లీమీటర్లే ఉంటే అంగుళాలను మిల్లీమీటర్లుగా తీసుకుంది, 25.4తో గుణించాలి. ఈ నాలుగూ తెలిస్తే చాలావరకు స్కేల్ సమస్యలు తేలిపోతాయి. కంటికి సరిపోయిందని అనిపించేదాకా లాగి పెంచడం, తగ్గించడం మాత్రం వద్దు.

ఖాళీ స్క్రీన్‌కు కూడా తరచుగా కారణం స్కేలే. 40 అడుగుల ఇల్లు 12,192 మిల్లీమీటర్లు. దాన్ని బ్లెండర్ మీటర్లుగా చదివితే ఇల్లు పన్నెండు కిలోమీటర్ల పొడవవుతుంది. వ్యూపోర్ట్‌లో క్లిప్ ఎండ్ మామూలుగా 1000 మీటర్లే, దానికి అవతల ఉన్నదేదీ కనిపించదు. అంటే ఇంపోర్ట్ అయింది, కనపడట్లేదంతే. ఔట్‌లైనర్‌లో (వస్తువుల జాబితాలో) పేర్లు వచ్చాయా చూడండి. వచ్చి ఉంటే గోడలున్న వస్తువును సెలెక్ట్ చేసి డైమెన్షన్స్ చదవండి.

ఇక్కడ బాగా పొరపాటుపడే చోటొకటుంది. ఆటోక్యాడ్‌లో యూనిట్స్ కమాండ్ తెరిచి ఇంచెస్ బదులు మీటర్స్ అని మార్చినంత మాత్రాన గీతల సైజు మారదు. అది ఫైల్ మీద అతికించే లేబుల్ లాంటి అమరిక మాత్రమే. ఇన్స్‌యూనిట్స్ వేరియబుల్ విలువ 1 అయితే అంగుళాలు, 2 అడుగులు, 4 మిల్లీమీటర్లు, 5 సెంటీమీటర్లు, 6 మీటర్లు. లేబుల్ తప్పుగా ఉంటే ఇంపోర్ట్ చేసే సాఫ్ట్‌వేర్ దాన్ని నమ్మి మోసపోతుంది. లేబుల్ మాత్రమే తప్పైతే లేబుల్ మార్చండి. గీతల సైజే మారాలంటే స్కేల్ కమాండ్ వేసి బేస్ పాయింట్ 0,0,0 ఇచ్చి గుణకం కొట్టండి. డీడబ్ల్యూజీయూనిట్స్ కమాండ్ రెండు పనులూ కలిపి చేస్తుంది, ఒక్కో ప్రశ్నా చదివి జవాబివ్వాలి.

త్రీడీఎస్ మ్యాక్స్‌లో ఇంకో చిక్కు. కనిపించే యూనిట్ వేరు, సిస్టమ్ యూనిట్ వేరు. యూనిట్స్ సెటప్‌లో పైన మీటర్స్ అని పెట్టినా లోపల సిస్టమ్ యూనిట్ ఇంచెస్‌గానే ఉండొచ్చు. మోడల్ తేకముందే సిస్టమ్ యూనిట్ సరిచేయండి, తెచ్చాక మార్చితే లైట్లు, కెమెరాలు అన్నీ గందరగోళమవుతాయి.

"కెమెరా దగ్గర పెడితే సరిపోతుంది కదా, సైజు ఎంతైతే ఏంటి?" అని కొందరంటారు. సరిపోదు. ఇప్పటి రెండరర్లలో లైటు వెలుగు దూరాన్ని బట్టి నిజంలో లాగే తగ్గుతుంది. గది పది రెట్లు పెద్దదైతే అదే లైటు గోడ మీద పడేసరికి నూరో వంతవుతుంది. లైబ్రరీ నుంచి తెచ్చిన సోఫా పక్కన గోడ పొంతన కుదరదు. టైల్స్ సైజు, కెమెరా బ్లర్, అన్నీ అసలు కొలత మీదే ఆధారపడతాయి.

సరైన గుణకం కొట్టాక బ్లెండర్‌లో కంట్రోల్ ఏ నొక్కి స్కేల్ అప్లై చేయండి. లేకపోతే బెవెల్, టెక్స్‌చర్ ప్రొజెక్షన్ లాంటివన్నీ పాత స్కేల్‌తోనే లెక్కేస్తాయి.

గోడలు వంకరపోతున్నాయా? ఇల్లు ఎక్కడుందో చూడండి

ఈ సమస్యను సరిగ్గా అర్థం చేసుకున్నవాళ్లు తక్కువ. స్కేల్ సరిగ్గానే ఉంటుంది, కానీ గీతలు పంటి గాట్లలా వస్తాయి. దగ్గరికి జూమ్ చేస్తే మోడల్ వణుకుతుంది, వృత్తాలు నలిగిపోతాయి. గ్రాఫిక్స్ కార్డు పాడైందేమో అనుకుంటారు. అసలు కారణం ఇల్లు ఫైల్లో సున్నా బిందువుకు చాలా దూరంగా ఉండటం.

సర్వే ఆధారంగా చేసిన లేఅవుట్లలో కోఆర్డినేట్లు యూటీఎం పద్ధతిలో (భూమిని జోన్లుగా విడగొట్టి మీటర్లలో స్థానం చెప్పే పద్ధతి) ఉంటాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఎక్కువ భాగం యూటీఎం 44వ జోన్‌లోకి వస్తుంది. ఆ లెక్కలో హైదరాబాద్ దగ్గర ఒక ప్లాటు నార్తింగ్ (ఉత్తర దిశ కొలత) సుమారు 19,20,000 మీటర్లు ఉంటుంది, ఎందుకంటే అది భూమధ్యరేఖ నుంచి కొలిచిన దూరం. ఈస్టింగ్ (తూర్పు దిశ కొలత) సుమారు 2,30,000 మీటర్లు.

ఆటోక్యాడ్ అంకెలను 64 బిట్లలో దాచుకుంటుంది. దాదాపు 15 అంకెల కచ్చితత్వం, ఏ దూరమైనా పర్వాలేదు. రెండరింగ్ సాఫ్ట్‌వేర్లలో చాలావరకు వేగం కోసం 32 బిట్లలో పెట్టుకుంటాయి. అందులో కచ్చితత్వం సుమారు ఏడంకెలే. ఇప్పుడు ఆ ప్లాటును మిల్లీమీటర్లలో చూద్దాం. నార్తింగ్ 192 కోట్లు. అంత పెద్ద సంఖ్య దగ్గర 32 బిట్ల లెక్కలో ఒక విలువకూ తర్వాతి విలువకూ మధ్య ఎడం 128 మిల్లీమీటర్లు. ప్రతి గీత చివరా ఆ 128 మిల్లీమీటర్ల గడుల్లో ఏదో ఒకదానికి అతుక్కోవాల్సిందే. మన నాలుగున్నర అంగుళాల గోడ మందం 114.3 మిల్లీమీటర్లు, గడి కన్నా తక్కువ. దాని రెండు ముఖాలూ ఒకే చోట పడి గోడే లేకుండా పోవచ్చు.

ఈస్టింగ్ 23 కోట్ల మిల్లీమీటర్లు, అక్కడ ఎడం 16 మిల్లీమీటర్లే. కాబట్టి తూర్పు-పడమరగా సాగే గోడలు, అంటే మందం ఉత్తర-దక్షిణ దిశలో ఉన్నవి, బాగా చెడిపోతాయి. ఉత్తర-దక్షిణంగా సాగేవి కాస్త వణుకుతాయి. ఒక దిశ గోడలు ఎక్కువ, ఇంకో దిశవి తక్కువ పాడై కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు, ఇదే జబ్బు. యూనిట్లను మీటర్లకు మార్చినా ఇది పోదు. సంఖ్య ఎంత చిన్నదైతే ఎడమూ అంతే చిన్నదవుతుంది, నిష్పత్తి అలాగే ఉంటుంది.

ఇంపోర్ట్ అయ్యాక మోడల్‌ను సున్నా దగ్గరికి లాక్కొచ్చినా ప్రయోజనం లేదు. అప్పటికే అంకెలు చెదిరిపోయాయి, చెదిరిన ఆకారాన్నే మీరు జరుపుతున్నారు. ఆటోక్యాడ్‌లోనే, 64 బిట్లలో ఉండగానే జరపాలి:

1. యూసీఎస్‌ను (ఎక్స్, వై దిశలను నిర్ణయించే అమరిక) వరల్డ్‌కు మార్చండి. ప్లాన్ తిప్పి గీసి ఉంటే ఇది మర్చిపోతే అంతా పక్కకు పోతుంది.
2. అన్ని లేయర్లనూ ఆన్ చేసి, థా చేసి (ఫ్రీజ్ తీసి), అన్‌లాక్ చేయండి. ఫ్రీజ్ అయిన లేయర్ వెనకే ఉండిపోతుంది.
3. కదలని ఒక బిందువు ఎంచుకోండి. ప్లాటు ఈశాన్యం మూల గానీ, స్తంభాల గ్రిడ్‌లో మొదటి మూల గానీ. మారే గోడ మూలను ఎంచుకోవద్దు.
4. ఐడీ కమాండ్‌తో దాని కోఆర్డినేట్లు చదివి ఒక టెక్స్ట్ ఫైల్లో రాసి పెట్టుకోండి. తర్వాతి రివిజన్‌కు సరిగ్గా అంతే జరపాలి.
5. అన్నీ సెలెక్ట్ చేసి మూవ్ వేసి, ఆ బిందువును 0,0,0కు తీసుకురండి. గ్రౌండ్ ఫ్లోర్, ఫస్ట్ ఫ్లోర్ పక్కపక్కన గీసి ఉంటే ఒక్కోదాన్నీ అదే గ్రిడ్ మూలతో వేరే ఫైల్‌గా చేయండి, అప్పుడు ఒకదానిమీదొకటి కచ్చితంగా కూర్చుంటాయి.
6. జూమ్ ఎక్స్‌టెంట్స్ నొక్కండి. ఇల్లు తెరనిండా రావాలి. చుక్కంత అయిపోతే ఎక్కడో దూరంగా ఒక అనాథ గీతో, బ్లాకో మిగిలిపోయిందన్నమాట. వెతికి తీసేయండి.

స్కెచప్‌లో ఇంపోర్ట్ ఆప్షన్లలో ఒరిజిన్‌ను అలాగే ఉంచాలా అనే టిక్ ఉంటుంది. దూరపు కోఆర్డినేట్లున్న ఫైల్‌కు అది టిక్ పెడితే పైన చెప్పిన కష్టాలన్నీ వస్తాయి.

గీతల శుభ్రం

అనుమతుల కోసం, సైట్ కోసం గీసిన డ్రాయింగ్‌లో రెండరింగ్‌కు పనికిరానివే ఎక్కువ. డైమెన్షన్లు, హ్యాచ్‌లు, టైటిల్ బ్లాక్, ఏరియా పట్టిక, ఎలక్ట్రికల్ గుర్తులు. లేఐసోతో గోడలు, తలుపులు, కిటికీలు, స్తంభాలు, మెట్లు, సజ్జలు, పిట్టగోడ మాత్రమే ఉంచి, వాటిని డబ్ల్యూబ్లాక్‌తో కొత్త ఫైల్లోకి తీయండి. పాత ఫైల్లోంచి చెత్త తీసేయడం కన్నా కావాల్సింది మాత్రమే కొత్త ఫైల్లోకి తీసుకోవడం నాకు నమ్మకమైన పద్ధతి. కనపడని చెత్త వెనకే ఉండిపోతుంది.

తర్వాత ఓవర్‌కిల్. ఒకదానిమీదొకటి పడ్డ డబుల్ గీతలను తీసేస్తుంది. ఆ తర్వాత పర్జ్, ఆడిట్. ఫైల్ తెరవగానే ఎర్రర్లు వస్తుంటే అన్నిటికన్నా ముందు రికవర్‌తో తెరవండి.

ఎత్తుల సంగతి ఎవరూ చూడరు. ప్లాన్ పైనుంచి చూస్తే చక్కగా ఉంటుంది, గీతలు మాత్రం వేర్వేరు జెడ్ విలువల్లో తేలుతుంటాయి. ఫ్రంట్ వ్యూలోకి వెళ్లండి. ప్లాన్ మొత్తం ఒక్క సన్నని గీతలా కనిపించాలి. పైకీ కిందకీ చెదిరి ఉంటే ఫ్లాటెన్ కమాండ్ వేయండి, హిడెన్ లైన్లు తీసేయాలా అని అడిగితే నో చెప్పండి. ఇది టూడీ ప్లాన్‌కు మాత్రమే. త్రీడీ మోడల్ మీద వేస్తే మోడల్ పోతుంది.

గోడ పైకి లేవట్లేదు, ఫేస్ ఏర్పడట్లేదు

గీతలు వచ్చాయి, ఎక్స్‌ట్రూడ్ చేస్తే (పైకి లాగితే) బోలుగా లేస్తోంది, పైమూత లేదు. అంటే గోడ చుట్టూ గీత ఎక్కడో మూసుకోలేదు. కంటికి ఆనని ఖాళీ చాలు.

ఆటోక్యాడ్‌లో బౌండరీ కమాండ్ వేసి గోడ మందం లోపల క్లిక్ చేయండి. ఖాళీ ఉంటే ఎర్రర్ వచ్చి, విడిపోయిన చివర్ల చుట్టూ ఎర్రటి వృత్తాలు చూపిస్తుంది. వెతుకులాట తగ్గిపోతుంది. ఖాళీలు చాలా ఉంటే పీఎడిట్‌లో మల్టిపుల్ ఎంచుకుని, గీతలన్నీ సెలెక్ట్ చేసి, జాయిన్‌లో ఫజ్ డిస్టెన్స్ ఇవ్వండి. అర అంగుళం దాటకండి. ఎక్కువిస్తే కిటికీ చౌకట్టు గీతలు గోడ గీతలకు అతుక్కుని ఇంకో కొత్త తలనొప్పి.

బ్లెండర్‌లో గీతలన్నీ కలిసినట్టే కనిపించినా ప్రతి ముక్కా విడివిడి చివర్లతో రావచ్చు. ఎడిట్ మోడ్‌లో అన్నీ సెలెక్ట్ చేసి ఎం నొక్కి మెర్జ్ బై డిస్టెన్స్ ఇస్తే కలుస్తాయి.

స్కెచప్‌లో మరీ చిన్న గీతలతో ఫేస్‌లు ఏర్పడవు. మిల్లీమీటరు కన్నా తక్కువ ఉన్న అంచుల దగ్గర చిల్లులు పడతాయి. గ్రిల్ డిజైన్లు, చెక్కిన తలుపుల దగ్గర ఇది బాగా కనిపిస్తుంది. అలాంటి భాగాన్ని మిల్లీమీటర్లుగా కాక మీటర్లుగా ఇంపోర్ట్ చేసి, వెయ్యి రెట్ల సైజులో ఫేస్‌లు పూర్తిచేసి, కాంపోనెంట్‌గా మార్చి, అప్పుడు 0.001కి తగ్గించండి. పెద్దగా ఉన్నప్పుడు ఏర్పడ్డ ఫేస్‌లు తగ్గించినా చెక్కుచెదరవు.

స్టెప్ ఫైళ్లు: గుండ్రటి అంచులు గరుకుగా ఎందుకొస్తాయి

సాలిడ్‌వర్క్స్, క్రియో, ఫ్యూజన్ లాంటివాటి నుంచి వచ్చే స్టెప్ ఫైల్లో వంపులు గణిత రూపంలో ఉంటాయి. వృత్తమంటే నిజంగా వృత్తమే. రెండరర్‌కు త్రిభుజాలు కావాలి. కాబట్టి మధ్యలో ఎవరో ఒకరు వంపులను ముక్కలుగా కోయాలి. గరుకుదనమంతా ఆ కోతలోనే పుడుతుంది.

స్టెప్ అనేది ఐఎస్‌ఓ 10303 ప్రమాణం, సాదా టెక్స్ట్ ఫైలే. నోట్‌ప్యాడ్‌లో తెరిచి యూనిట్ అని వెతికితే మిల్లీనా, మీటరా, అంగుళమా అన్నది అందులోనే రాసి ఉంటుంది. ఇక్కడా స్కేల్ గురించి ఊహించాల్సిన పని లేదు.

బ్లెండర్ స్టెప్‌ను నేరుగా తెరవదు. ఉచిత దారి ఫ్రీక్యాడ్. అందులో స్టెప్ తెరిచి, మెష్ వర్క్‌బెంచ్‌లో షేప్ నుంచి మెష్ చేసే ఆప్షన్ తీసుకుంటే రెండు అంకెలు అడుగుతుంది. సర్ఫేస్ డీవియేషన్ అంటే అసలు వంపు నుంచి ముక్క ఎంత దూరం తప్పుకోవచ్చో, మామూలుగా 0.1 మిల్లీమీటర్లు. యాంగ్యులర్ డీవియేషన్ అంటే పక్కపక్క ముక్కల మధ్య ఎంత కోణం ఉండొచ్చో, మామూలుగా 30 డిగ్రీలు.

వీటి ప్రభావం ఒకసారి లెక్కేసి చూడండి. 100 మిల్లీమీటర్ల రేడియస్ ఉన్న చక్రానికి 0.1 నియమం వర్తించి చుట్టూ సుమారు 70 ముక్కలొస్తాయి, నున్నగా ఉంటుంది. 2 మిల్లీమీటర్ల రేడియస్ ఉన్న బోల్టుకు 30 డిగ్రీల నియమం వర్తించి 12 ముక్కలే వస్తాయి. అంచు మీద ఉన్న చిన్న ఫిల్లెట్‌కు (గుండ్రం చేసిన మూలకు), అది పావు వృత్తం కాబట్టి, మూడే ముక్కలు. రెండర్‌లో వెలుగు తళుక్కుమనేది సరిగ్గా ఆ ఫిల్లెట్ మీదే. అందుకే పెద్ద వంపులు బాగుండి అంచులు మాత్రం గరుకుగా వస్తే సర్ఫేస్ డీవియేషన్‌ను ముట్టుకోకండి, కోణాన్ని 10 డిగ్రీలకు తగ్గించండి. 0.1ని 0.01 చేస్తే పెద్ద వంపులు కూడా అనవసరంగా బరువెక్కుతాయి. కెమెరాకు దూరంగా ఉండే పార్టులకు పాత అంకెలే చాలు.

ఎస్‌టీఎల్ ఫార్మాట్ మాత్రం తీసుకోకండి, వేరే దారి ఉన్నంతవరకూ. దానిలో యూనిట్ ఉండదు, పార్టుల పేర్లు, అమరిక నిలవవు. అసెంబ్లీ, రంగులు నిలవాలంటే జీఎల్‌టీఎఫ్ ఫార్మాట్ మంచిది, అందులో కొలత మీటర్లేనని ప్రమాణమే చెబుతుంది.

నల్ల మచ్చలు, మాయమయ్యే ముఖాలు, మెరిసి ఆరే ఉపరితలాలు

ప్రతి ముఖానికీ లోపలి వైపు, బయటి వైపు ఉంటాయి. క్యాడ్‌కు అది పెద్దగా పట్టదు, రెండరర్‌కు పడుతుంది. బ్లెండర్‌లో ఓవర్‌లేల్లో ఫేస్ ఓరియంటేషన్ ఆన్ చేయండి. బయటి వైపంతా నీలంగా ఉండాలి, ఎరుపు కనిపిస్తే అక్కడ తిరగబడింది. ఎడిట్ మోడ్‌లో అన్నీ సెలెక్ట్ చేసి షిఫ్ట్ ఎన్. స్కెచప్‌లో ఇంపోర్ట్ ఆప్షన్లలోనే ముఖాలను ఒకే దిశకు తిప్పే టిక్ ఉంది.

చదునైన గోడ మీద నీడలాంటి వింత మచ్చలుంటే ఎఫ్‌బీఎక్స్ ఫైల్‌తో వచ్చిన నార్మల్స్ (ముఖం ఎటు చూస్తోందో చెప్పే దిశలు) తేడాగా ఉండొచ్చు. కస్టమ్ స్ప్లిట్ నార్మల్స్ క్లియర్ చేసి, 30 డిగ్రీల కోణంతో స్మూత్ బై యాంగిల్ పెట్టండి.

కెమెరా కదిలిస్తే ఉపరితలం మెరిసి ఆరుతుంటే ముందు ఒక విషయం తేల్చుకోండి: ఫైనల్ రెండర్‌లోనూ ఉందా, వ్యూపోర్ట్‌లోనేనా? వ్యూపోర్ట్‌లోనే అయితే క్లిప్ స్టార్ట్ మరీ చిన్నది, క్లిప్ ఎండ్ మరీ పెద్దది. రెంటినీ సీన్‌కు తగ్గట్టు పెట్టండి, పోతుంది. రెండర్‌లోనూ ఉంటే ఒకే చోట రెండు ముఖాలున్నాయి. స్లాబు పైముఖం, టైల్స్ కింది ముఖం ఒకే ఎత్తులో ఉండటం మామూలుగా కనిపించే కేసు. టైల్స్‌కు నిజమైన మందం ఇచ్చి స్లాబు మీద కూర్చోబెట్టండి, కనిపించని కింది ముఖాన్ని తీసేయండి.

మోడల్ పడుకుని వస్తే అది జెడ్ పైకా, వై పైకా అన్న తేడా. ఎక్స్‌పోర్ట్ సెట్టింగ్‌లోనే మార్చండి.

ఫైల్ బరువెక్కి కదలకపోతే

బ్లాకులను ఎక్స్‌ప్లోడ్ చేయడం, అంటే విడి గీతలుగా విడగొట్టడం, దీనికి పెద్ద కారణం. ఒకే కిటికీ బ్లాకు డజన్లకొద్దీ చోట్ల ఉంటే, బ్లాకుగా ఉన్నంతవరకు ఆకారం ఒక్కసారే నిల్వ ఉంటుంది. ఎక్స్‌ప్లోడ్ చేస్తే అన్ని కాపీలవుతాయి. బ్లాకులను బ్లాకులుగానే తేవాలి. స్కెచప్‌లో కాంపోనెంట్లుగా, బ్లెండర్‌లో లింక్డ్ డూప్లికేట్లుగా ఉండాలి. స్టెప్ అసెంబ్లీల్లో అయితే లోపల దాగిన బేరింగులు, స్క్రూల మరలు ఫ్రీక్యాడ్‌లో ఉండగానే తీసేయండి.

ఏ కారణమూ దొరక్కపోతే

ఇంపోర్ట్ మధ్యలో సాఫ్ట్‌వేర్ మూసుకుపోతోంది, ఎర్రర్ ఏమీ చెప్పట్లేదు. అప్పుడు ఫైల్‌ని సగానికి కోయండి. సగం లేయర్లు డబ్ల్యూబ్లాక్‌తో ఒక ఫైల్, మిగతా సగం ఇంకో ఫైల్. ఏది పడిపోతే దాన్ని మళ్లీ సగం చేయండి. 64 లేయర్లున్నా ఆరుసార్లలో ఒక్క లేయర్ దగ్గరికి చేరతారు. ఆ లేయర్లో సాధారణంగా చెడిపోయిన హ్యాచో, ఎవరో వెబ్‌సైట్ నుంచి తెచ్చి పెట్టిన చెట్టు బ్లాకో ఉంటుంది. ఫోల్డర్ పేర్లు, ఫైల్ పేర్లు చిన్నగా, ఇంగ్లిష్ అక్షరాల్లో, స్పేస్‌లు లేకుండా పెట్టుకోవడం కూడా మంచిది. టెక్స్‌చర్లు దొరకట్లేదనే ఫిర్యాదుల్లో చాలావాటికి ఫైల్ పాత్ మారడమే కారణం.

రివిజన్ వచ్చినప్పుడు

మెటీరియల్‌ను ఒక్కో వస్తువుకు కాకుండా లేయర్ పేరును బట్టి ఇవ్వండి. బయటి గోడ ఒక లేయర్, లోపలి గోడ ఒక లేయర్, కిటికీ ఫ్రేమ్ ఒకటి, అద్దం ఒకటి. పేర్లు మారనంతవరకు కొత్త ఫైల్ వచ్చినా మెటీరియల్స్ మళ్లీ ఇచ్చుకోవడం చిటికెలో పని. మ్యాక్స్‌లో ఫైల్ లింక్ మేనేజర్‌తో లింక్ చేస్తే రీలోడ్ ఒక్కటే సరిపోతుంది. పర్జ్, ఆడిట్ లాంటి కమాండ్లను వరుసగా ఒక టెక్స్ట్ ఫైల్లో రాసి ఎస్‌సీఆర్ ఎక్స్‌టెన్షన్‌తో సేవ్ చేసుకుంటే, స్క్రిప్ట్ కమాండ్‌తో ప్రతి రివిజన్‌కూ అదే శుభ్రం ఒక్కసారిగా నడుస్తుంది.

డ్రాఫ్టింగ్ ఆఫీసుకు మొదటి రోజే ఇలాంటి మెసేజ్ ఒకటి పంపండి. మర్యాదగా, పొట్టిగా ఉంటే తప్పకుండా చూస్తారు:

"నమస్తే సార్. త్రీడీ వ్యూల కోసం ప్లాన్ పంపేటప్పుడు ఈ ఐదూ చూడగలరా. ఎక్స్‌రెఫ్‌లు బైండ్ చేసి 2013 ఫార్మాట్‌లో సేవ్ చేయండి. ఒక యూనిట్ అంటే అంగుళమా, అడుగా, మిల్లీమీటరా చెప్పండి. ప్రతి ఫ్లోర్‌లోనూ గ్రిడ్ మొదటి మూల 0,0 దగ్గర ఉంచండి. లేయర్ల పేర్లు రివిజన్లలో మార్చొద్దు. ఎత్తుల కోసం ఒక సెక్షన్ కూడా జత చేయండి: లింటెల్, సజ్జ, స్లాబు, పిట్టగోడ లెవెల్స్ ఉంటే చాలు సార్."